మత్తడి దగ్గర కెమెరా
(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా హనుమకొండలో యువ ఫోటోగ్రాఫర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వన్యప్రాణి ఫోటోగ్రఫీ అనగానే మనవాళ్లకు కవ్వాల్ పులి, తాడోబా పులి గుర్తొస్తాయి. ఆ కోరిక ఉండాల్సిందే. అయితే ఏడాదికి రెండుసార్లు సఫారీ జీపెక్కితే చెయ్యి తిరగదు, ఆ ఫోటోలతో అడవికి ఒరిగేదీ తక్కువే. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒకటే. మీ ఇంటికి పది కిలోమీటర్లలోపు ఒక చెరువో, గుట్టో, చెలకో ఎంచుకోండి. దాన్ని ఏళ్ల తరబడి తీయండి. తీసిన ప్రతి ఫోటోకూ తేదీ, చోటు, సంఖ్య రాసిపెట్టండి. సంరక్షణకు అక్కరకొచ్చేది అలాంటి ఫోటో.

ముందు లెన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలితే గాని మిగతాది మీరు వినరు. ఒక చిన్న లెక్క ఉంది. కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ వెడల్పును పిట్టకూ మీకూ ఉన్న దూరంతో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఆ దూరంలో ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. చాలా మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ రకం సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. 400 ఎంఎం లెన్స్‌తో 20 మీటర్ల దూరంలో ఉన్న కరెంటు తీగను చూస్తే ఫ్రేములో పట్టేది 117 సెంటీమీటర్లు. తీగ మీద కూర్చున్న పాలపిట్ట పొడవు 26, 27 సెంటీమీటర్లు, అంటే ఫ్రేములో నాలుగో వంతు కూడా రాదు. 600 ఎంఎం లెన్స్ పెడితే మూడో వంతు వస్తుంది. అదే 400 లెన్స్‌తో పది మీటర్ల దగ్గరికి చేరగలిగితే దాదాపు సగం నిండుతుంది. 600 లెన్స్‌కు డబ్బు కావాలి. పది మీటర్లు దగ్గరికి చేరడానికి ఓపిక, పిట్ట నడవడిక తెలిసుండడం కావాలి. మొదటి ఏడాది దృష్టి రెండోదాని మీదే పెట్టండి.

సెకండ్ హ్యాండ్‌లో 70-300, 100-400, 150-600 లెన్సులు దొరుకుతున్నాయి. కొనే ముందు లెన్స్ వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. జూమ్ పూర్తిగా చాచి, అపర్చర్ పూర్తిగా తెరిచి, 15 మీటర్ల దూరంలో గోడకు అంటించిన పేపరును తీసి, అక్షరాలు నాలుగు మూలలా సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక పక్క మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కిందపడి ఉంటుంది.

ట్రైపాడ్ కంటే మన దగ్గర సంచి ఎక్కువ పనికొస్తుంది. మందపాటి బట్టతో సంచి కుట్టించి రెండు మూడు కిలోల జొన్నలు నింపండి. చెరువు కట్ట మీద, కారు కిటికీ మీద, నేల మీద ఎక్కడైనా లెన్స్ కుదురుగా నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త, జొన్నలు తడిస్తే పురుగు పడతాయి. వానాకాలం ఎండబెడుతూ ఉండండి.

ఇక పిట్టకు దగ్గరవడం. నిలబడ్డ మనిషి నేరుగా తన మీదికి వస్తుంటే ఏ పిట్టా ఆగదు. వంగి, పక్కకు పక్కకు నడుస్తూ, మధ్యమధ్య ఆగుతూ, దాన్ని సూటిగా చూడకుండా వెళ్లండి. మేత ఆపి తల ఎత్తిందంటే మీరు ఆగాలి. మళ్లీ మేతకు దిగితే కదలాలి. మెడ చాచి ఒళ్లు బిగించిందన్నా, రెట్ట వేసిందన్నా ఎగరబోతున్నట్టు లెక్క. అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్లారు, వెనక్కి తగ్గండి. ఇంతకంటే మంచి దారి, పిట్టలు రాకముందే వెళ్లి కూర్చోవడం. పాలపిట్ట తీగ మీద నుంచి నేలకు దిగి పురుగును పట్టి చాలాసార్లు మళ్లీ అదే చోటికి వస్తుంది. అది దిగినప్పుడు మీరు రెండడుగులు ముందుకు జరిగి కూర్చుంటే సరిపోతుంది.

ఎగిరే పాలపిట్టను తీయాలంటే గాలి ఎటు వీస్తోందో చూడాలి. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి. మన ప్రాంతంలో చలికాలం పొద్దున గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది, ఎండా అటే. కాబట్టి తీగకు తూర్పున నిలబడితే వెలుగు పిట్ట మీద పడుతుంది, పిట్ట మీ వైపే లేస్తుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు ఎక్కువగా కనిపించే పిట్ట రెక్క విప్పగానే రెండు రకాల నీలం బయటపడేది ఆ అర సెకనులోనే. షట్టర్ 1/2500 పెట్టండి. కూర్చున్న పిట్టకు, లెన్స్ సంచి మీద ఉంటే 1/500 చాలు. అపర్చర్ ఎఫ్ 5.6 లేదా 6.3. ఐఎస్‌ఓ, అంటే సెన్సర్ వెలుగును పట్టే స్థాయి, ఆటోలో ఉంచి 6400 దాకా పోనివ్వండి. చాలామంది గ్రెయిన్ (గరుకు చుక్కలు) వస్తుందని 1600 దగ్గర ఆపేస్తారు. పొద్దున ఆరున్నరకు వెలుగు చాలక షట్టర్‌ను తగ్గించాల్సి వస్తుంది, రెక్కలు అలికినట్టు అవుతాయి. గ్రెయిన్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు.

కొంగ తెలుపు కాలిపోకుండా చూసుకోవాలి. వెనుక పచ్చని పొలమో, నల్లని నీళ్లో ఉంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, ఈకల గీతలు మాయమై తెల్లకాగితంలా వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 1కి దించండి. ఆకాశం వెనుక ఉన్న పిట్టకు దీనికి తలకిందులు, ప్లస్ 1 దాకా పెంచాలి. రా ఫైల్‌లోనే, అంటే కెమెరా కుదించని అసలు ఫైల్‌లోనే తీయండి.

ఎండాకాలం ఇంకో తిప్పలు. మార్చి, ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిది దాటితే ఎండిన చెరువు నేల మీద వేడిగాలి అలలుగా లేస్తుంది. 60 మీటర్ల దూరంలోని కొంగ ఎన్నిసార్లు తీసినా మసకే. లెన్స్ పాడైందని రిపేరు షాపుకు పరిగెత్తకండి. గాలి కదలికను ఏ లెన్సూ దాటలేదు. ఎనిమిదింటికల్లా పని ముగించుకోవాలి, లేదా దూరం తగ్గించుకోవాలి. వానాకాలం శత్రువు తేమ. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ పెట్టి లోపలి తేమను 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. గింజల రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే వానాకాలం ముగిసేసరికి ఫంగస్ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఫోటో ఒక్కటే ఏమీ చెప్పదు. ఎర్రకాళ్ల కొంగ అందంగా నిలబడ్డ ఫోటోను వెయ్యి మంది లైక్ చేయొచ్చు. అది ఏ చెరువో, ఏ నెలో, పక్కన ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఏ అధికారీ, ఏ పరిశోధకుడూ దానితో ఏమీ చేయలేడు. అందుకే కెమెరా గడియారం సరిచేయడం నుంచి మొదలుపెట్టండి. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు తేదీ వెనక్కి పోయే కెమెరాలున్నాయి. కెమెరాలో జీపీఎస్ లేకపోతే, చోటికి చేరగానే ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఒక ఫోటో తీయండి. సమయాన్ని బట్టి తర్వాత రెండూ జత చేసుకోవచ్చు. ఫైలు పేరు ఏడాది, నెల, రోజు, చెరువు, పక్షి వరుసలో ఉంటే పదేళ్ల తర్వాత కూడా నిమిషంలో దొరుకుతుంది. కాపీలు మూడు ఉండాలి, రెండు వేర్వేరు రకాల డిస్కుల్లో, ఒకటి ఇంకో ఇంట్లో.

చూసిన పక్షుల జాబితాను ఫోటోలతో సహా ఈబర్డ్‌లో, అంటే పక్షి పరిశీలకుల లెక్కలు చేరే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం 30 వేలకు పైగా మామూలు పక్షి పరిశీలకులు ఎక్కించిన జాబితాలే. ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితా అయిన ఐయూసీఎన్ జాబితాలో స్థితిని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక సూచించిన పక్షుల్లో మన రాష్ట్ర పక్షి పాలపిట్ట ఉంది. ఊరూరా కనిపించే పిట్ట తగ్గుతోందని తెలిసింది ఇలాంటి లెక్కలతోనే. తాటి మోడుల తొర్రల్లో గూడు పెట్టే పిట్ట ఇది. ఒడ్డు మీది మోడులు కొట్టేస్తున్నారంటే అదీ ఫోటో తీయాల్సిందే.

చెరువు దగ్గర నేను గట్టిగా చెప్పే పద్ధతి, నెలకోసారి ఒకే చోట నుంచి ఒకే ఫోటో తీయడం. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులే కానక్కర్లేదు, మీ ఊరి కుంటైనా సరే. మూడు చోట్లు ఎంచుకోండి. తూము దగ్గర ఒకటి, మత్తడి (నిండిన చెరువు పొర్లే చోటు) దగ్గర ఒకటి, శిఖం (చెరువు లోపలి భూమి) వైపు నుంచి కట్టను చూసేలా ఒకటి. ఫ్రేములో ఎడమ పక్కన కదలనిది ఏదైనా ఉండాలి, గుడి గోపురమో, తాటిచెట్టో, తూము రాయో. ఫోన్ మెయిన్ కెమెరా చాలు, జూమ్ చేయొద్దు, కంటి ఎత్తులో పట్టుకోండి. ప్రతి నెలా అదే వారం, అదే గంట. ఫోటోకు ముందు పదిహేను నిమిషాలు కూర్చుని పక్షులను లెక్కపెట్టండి. ఇక్కడ చెడేది ఒకటే. రెండో నెల ఇంకాస్త అందంగా వస్తుందని నాలుగడుగులు పక్కకు జరుగుతారు. జరిగారంటే పోల్చడానికి వీల్లేదు. మొదటి నెల ఫోటోను ఫోన్‌లో తెరిచి, దానితో సరిపోల్చుకుని తీయండి.

దీనితో ఏం తెలుస్తుంది? 2015లో చెరువులను బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువుల్లో పూడిక తీశారు. నీళ్లు నిలిచాయి, రైతుకు మేలు జరిగింది. అయితే మట్టిని మధ్యలోనే కాకుండా అంచుల దాకా తోడిన చోట ఒడ్డు వాలు పోయి నిటారు గట్టు మిగులుతుంది. నీటికాకి, బుడుబుంగ మునిగి వేటాడతాయి కాబట్టి వాటికి లోతు ఇబ్బంది కాదు. ఉల్లంకి పిట్టలు, నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు మాత్రం కాళ్లు మునిగేంత నీళ్లలోనే తిరుగుతాయి. వాలు పోతే వాటి మేత పోతుంది. పని మొదలవకముందు తీసిన ఫోటో, అయ్యాక తీసిన ఫోటో, పక్కన పక్షుల లెక్క ఒకే కాగితం మీద పెట్టి, ఒక పక్కన ఒడ్డును వాలుగా వదలమని నీటిపారుదల ఇంజినీరును అడగొచ్చు. శిఖం భూమిలో మట్టి పోసి ప్లాట్లు చేస్తున్నా, గుర్రపుడెక్క కమ్ముకుంటున్నా ఇదే కాగితం పనికొస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఏ4 కాగితం ఒకటి, ఫోటోలు రెండు, తేదీలు, సర్వే నంబరు, అడిగేది ఒక్కటి. పది ఫోటోలు, నాలుగు డిమాండ్లు పెడితే ఎవరూ చదవరు. రసీదు తీసుకోండి.

ఫోటోలు పరిస్థితిని మార్చిన సందర్భం మన దేశంలోనే ఉంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అమూర్ ఫాల్కన్లను (చిన్న డేగలను) వలలు పన్ని వేలకు వేలు చంపడాన్ని కెమెరాలో పట్టారు. వలలు ఎక్కడ కడుతున్నారు, పిట్టలను ఎలా మోస్తున్నారు, ఎన్ని, అన్నీ అందులో ఉన్నాయి. ప్రభుత్వం, చర్చి పెద్దలు, ఊరి సంఘాలు కదిలాయి. 2013లో అక్కడ ఆ వేట ఆగిపోయింది. వలలు కట్టిన ఊళ్లవాళ్లే కాపలాకు నిలిచారు.

మన దగ్గర అంత పెద్దది కాకపోయినా, ఏటా దసరాకు కళ్లముందే జరిగేది ఒకటుంది. జమ్మికి పోయే ముందు పాలపిట్టను చూడడం మన ఆచారం, మంచి ఆచారం. దాన్ని చేలల్లో చూసేవాళ్లు తగ్గి, పంజరంలో చూపించి పది రూపాయలు తీసుకునేవాళ్లు వచ్చారు. పండగకు ముందే పట్టి, కాళ్లు, రెక్కలు కట్టి, కొన్నిచోట్ల ఈకలకు జిగురు పూసి, అరకొర మేతతో ఉంచుతారు. పండగయ్యాక వదిలినా ఎగరలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. జాలిపడి కొని వదిలేస్తే మీరు వచ్చే ఏడాది మరో పిట్టకు గిరాకీ కల్పించినట్టు. ఫోటో తీయండి. వీధి, దుకాణం కనిపించేలా ఒకటి, పంజరం మొత్తం ఒకటి, విరిగిన తోక ఈకలు, కట్టిన కాళ్లు దగ్గరగా ఒకటి. వెంటనే అటవీశాఖ రేంజ్ ఆఫీసర్‌కు పంపండి. ఒంటరిగా వాదనకు దిగొద్దు.

ఉచ్చులు, కరెంటు తీగల విషయంలో ఇంకా జాగ్రత్త. అడవిపందుల కోసం పొలం గట్టున కట్టిన తీగకు చిరుతలు, మనుషులు కూడా బలవుతున్నారు. అనుమానం ఉన్న ఏ తీగలోనైనా కరెంటు ఉన్నట్టే లెక్క, తాకొద్దు, దగ్గరికి పోవద్దు. దూరం నుంచి గుర్తుపట్టగలిగే చెట్టో, స్తంభమో వచ్చేలా తీసి, అటవీశాఖకు, విద్యుత్ శాఖకు ఫోన్ చేయండి. ఉచ్చు దొరికితే పెద్ద ఫ్రేము, మధ్యస్థం, దగ్గరిది, ఆ వరుసలో తీయండి. దగ్గరి ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. పీకొద్దు, చుట్టూ అడుగుజాడలు తొక్కొద్దు. అసలు ఫైలును ముట్టుకోకుండా ఉంచి, కాపీనే పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గి, లోపలి తేదీ, చోటు వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ ఫోటోను సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య ఉంటుంది. మీరు కొద్దిగా వెలుగు పెంచి సేవ్ చేసినా ఆ విలువ మారిపోతుంది.

దీనికి పూర్తిగా తలకిందులు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్. పులి, అలుగు (పాంగోలిన్), నక్షత్ర తాబేలు, రెండు తలల పాము, గుడ్లగూబ, వీటి చోటు ఎప్పుడూ బయటపెట్టొద్దు. లొకేషన్ తీసేస్తే సరిపోదు, వెనుక గుట్ట ఆకారం చూసి ఊరివాళ్లు ఎక్కడో చెప్పేస్తారు. జిల్లా పేరుతో ఆపండి, రెండు నెలలు ఆగి పెట్టండి. రోడ్డు మీద నుంచి పులి కనిపిస్తే వీలైతే రెండు పక్కలా తీయండి. ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు వేరువేరుగా ఉంటాయి. తాడోబా నుంచి కవ్వాల్ వైపు వచ్చే పులులను అటవీశాఖ గుర్తుపట్టేది ఆ చారలతోనే. ఫోటోను వాళ్లకే ఇవ్వండి.

గూళ్ల జోలికి వెళ్లొద్దని నేను చెప్పేది మర్యాద కోసం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. తీతువు పిట్టను చూడండి. చెరువు ఒడ్డున ఒట్టి నేల మీద రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. మీ కాలి పక్కనే ఉన్నా కనిపించవు. ఏప్రిల్ ఎండలో తల్లి నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, నీడ పడుతుంది. మీరు మంచి ఫోటో కోసం అరగంట అక్కడే నిలబడితే అది అరుస్తూ చుట్టూ తిరుగుతుందే తప్ప గుడ్ల మీదికి రాదు. ఆ అరగంటలో లోపలి పిల్లలు ఉడికిపోతాయి. తీతువు మీ తల మీదుగా అరుస్తోందంటే, వచ్చిన దారినే, అడుగు చూసి వేస్తూ వెనక్కి వెళ్లిపోండి. బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీది రాబందులకూ ఇదే వర్తిస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా వాటి గూళ్ల కాలం, ఏడాదికి ఒక్క గుడ్డే. అక్కడ డ్రోన్ ఎగరేయడం ఆలోచనలోకి కూడా రాకూడదు. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి రక్షిత అడవుల్లో ఫోటోగ్రఫీకి ముందస్తు అనుమతి ఉండాలి. అదే చట్టం 28వ సెక్షన్ కింద ఇస్తారు. జిల్లా అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) కార్యాలయంలో అడిగితే దరఖాస్తు వివరాలు చెప్తారు.

తీసిన ఫోటోలను ఊరికి తిరిగి చూపించండి. బడిలో ప్రదర్శన పెట్టాలంటే 12 ఇన్ టు 18 అంగుళాల ప్రింటు బాగుంటుంది. అంగుళానికి 200 చుక్కల (200 డీపీఐ) ప్రింటుకు 2400 ఇన్ టు 3600 పిక్సెళ్లు చాలు, పాత కెమెరా అయినా సరిపోతుంది. గ్లాసీ వద్దు, ట్యూబ్‌లైటు మెరుస్తుంది. మెరుపు లేని మ్యాట్ ప్రింటును సన్‌బోర్డుకు (తేలికైన నురగ అట్టకు) అంటించండి. కింద పక్షి పేరు ఆ ఊళ్లో పిలిచే పేరుతోనే రాయండి, ఏ నెలలో ఏ ఒడ్డున తీశారో రాయండి. చేపలు పట్టేవాళ్లను, గొర్రెల కాపరులను ముందు పిలవండి. వాళ్లు ఫోటో ముందు నిలబడి చెప్పేవి రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టండి.

చివరిగా బతుకుతెరువు. ఒట్టి ఫోటోలు అమ్మి ఇల్లు నడిపేవాళ్లు చాలా తక్కువ. మొదట్లో పెళ్లిళ్లు తీస్తూ, వారంలో ఒక పొద్దు చెరువుకు ఇవ్వడం సరైన దారి. తర్వాత అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ పనులు వస్తాయి. వాళ్లు అడిగేది ఒక్క గొప్ప ఫోటో కాదు, ఒకే చోటు మీద వివరాలతో సహా ఉన్న ఏళ్ల తరబడి ఫోటోలు. పని ఒప్పుకునేటప్పుడు కాగితం మీద రాసుకోండి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం మీరు సొంతంగా తీసిన ఫోటో హక్కు మీదే. కానీ ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. కాబట్టి మూడు మాటలు ముందే ఉండాలి. హక్కు ఫోటోగ్రాఫర్‌దని, సంస్థ ఎక్కడ ఎన్నాళ్లు వాడుకోవచ్చో, అరుదైన జీవుల చోటు వివరాలను రెండు పక్షాలూ బయటపెట్టకూడదని. మూడోదాన్ని చాలా ఒప్పందాల్లో మరిచిపోతారు. సంతకం పెట్టే ముందు అడిగి రాయించుకోండి.